మీటరు లేని ఇంటి మాట

టీవీ ఎంతసేపు మోగిందో రేటింగు చెబుతుంది. దాని ముందు కూర్చున్న అనంతపురం మనిషి ఏమనుకున్నాడో చెప్పదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల పెద్దలు ఊరూరా తిరిగి, తెర కట్టి, తెల్లవార్లూ రామాయణ భారతాలు ఆడించినవాళ్లు. యుద్ధమో శోకమో మరీ సాగి జనం తూగడం మొదలుపెడితే తెర వెనకున్నవాడికి ఇట్టే తెలిసిపోయేది. ఇవతల చప్పుడు సన్నగిల్లేది. అంతే, రావణుడు పక్కకు తప్పుకునేవాడు, నవ్వించే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దిగిపోయేవాళ్లు. కొంచెం బూతు, కొంచెం ఎకసెక్కెం, ఊరి పెద్దమనిషి మీద ఒక విసురు. జనం లేచి కూర్చున్నాక కథ మళ్లీ లంకకు పోయేది. వానల్లేని ఏడు ఊరివాళ్లే పిలిచి విరాటపర్వం ఆడించమనేవాళ్లు. ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. ఏ కథ కావాలో, ఎక్కడ విసుగు పుట్టిందో చెప్పే హక్కు చూసేవాడిది. వినక తప్పని పరిస్థితి ఆడించేవాడిది.

ఇప్పుడు ఆ ఊళ్లో అదే తోలు మీద అవే రంగులతో దీపాలకు తొడుగులు చేసి అమ్ముతున్నారు. రాత్రి ఆట మాత్రం ఆగలేదు. సాయంత్రం ఆరున్నరకు మొదలై పదింటిదాకా ఇంటింటా టీవీలో సాగుతూనే ఉంది. ఆడించేవాడు హైదరాబాదులో ఉంటాడు. ఇక్కడ జనం తూగినా, తిట్టినా, టీవీ పెట్టి వంటింట్లోకి పోయినా అతనికి వినబడదు. అతని చేతికి గురువారం గురువారం ఒక అంకె వస్తుంది. టీఆర్పీ.

గురువారం అంకె

మీ వీధిలో ఎవరింట్లోనైనా రేటింగు మీటరు ఉందేమో అడిగి చూడండి. ఉన్నా చెప్పరు, చెప్పకూడదు. ఆ ఇళ్ల పేర్లు రహస్యం. ఆ రహస్యాన్ని కాపాడాల్సిన సంస్థ పేరు బ్రాడ్‌కాస్ట్ ఆడియన్స్ రీసెర్చ్ కౌన్సిల్, పొట్టిగా ‘బార్క్’. చానెళ్లు, ప్రకటనలిచ్చే కంపెనీలు, ప్రకటనల ఏజెన్సీలు కలిసి పెట్టుకున్న సంస్థ ఇది. ప్రేక్షకులకు అందులో వాటా లేదు. 2015 ఏప్రిల్ నుంచి లెక్కలు ఇస్తోంది. అంతకుముందు ‘టామ్’ అనే సంస్థ ఇచ్చేది. ఆ లెక్కలన్నీ పట్టణాలవే. పల్లె ఇల్లు రేటింగులోకి ఎక్కింది 2015 అక్టోబరులోనే. అంటే ‘అమృతం’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వచ్చిన కాలంలో కళ్యాణదుర్గం, ఉరవకొండ పల్లెల్లో జనం కళ్లప్పగించి చూసిన గంటలు ఎవరి ఖాతాలోనూ పడలేదు.

మీటరు పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. ప్రతి చానెలూ తన ధ్వనిలో మన చెవికి అందని ఒక గుర్తు కలిపి వదులుతుంది. మీటరు ఆ గుర్తును పట్టుకుని ఏ చానెల్ ఎన్ని నిమిషాలు మోగిందో రాసుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక మీట ఉంటుంది. టీవీ ముందుకొచ్చి కూర్చున్నప్పుడు నొక్కాలి, లేచిపోయేటప్పుడు మళ్లీ నొక్కాలి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మీట నొక్కి లేచే ఇల్లాలు ఏ ఊళ్లో ఉంటుందో నాకు తెలియదు. ఎంతమంది చూశారు, ఎంతసేపు చూశారు, ఈ రెండూ కలిస్తే రేటింగు. నచ్చిందా అన్న మీట ఆ పెట్టెలో లేదు.

బార్క్ 2020 సర్వే ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. మీటర్లు ఇంచుమించు 55 వేలు. సగటున ఒక్కో మీటరు ఇల్లు 3,800 ఇళ్ల తరఫున సాక్ష్యం చెబుతోందన్నమాట. ఇది చూసి మోసం అనేవాళ్లున్నారు. నేను అనను. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. కాకపోతే అన్నీ ఒకే కుండలో మెతుకులై ఉండాలి. రేటింగు లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకటే మార్కెట్. కూకట్‌పల్లి అపార్టుమెంటు, కోనసీమ పెంకుటిల్లు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే మా రాయదుర్గం మిద్దె, అన్నీ ఒక్క కుండలోవే. ఆ కుండలోంచి ఏ మెతుకు పట్టుకున్నా చానెల్‌కు అందే జవాబు మాత్రం ఒకటే.

సరిహద్దు దగ్గర ఈ లెక్క ఇంకా తమాషా. మడకశిర, హిందూపురం వైపు కన్నడ సీరియళ్లు చూసే ఇళ్లు బోలెడు. అవతల కర్ణాటకలోని పావగడ, బాగేపల్లిల్లో తెలుగు చానెలే ఇంటి చానెల్. వాళ్ల చూపు కర్ణాటక మార్కెట్ లెక్క. ఒకే యాస, ఒకే సంగటి, ఒకే కరువు. మీటరు దగ్గరికొచ్చేసరికి రెండు దేశాలు.

అసలు మోసం జరగలేదా అంటే, జరిగిందని ఆరోపణలు వచ్చాయి. 2020 అక్టోబరులో ముంబై పోలీసులు విలేకరులను పిలిచి, మీటరున్న ఇళ్లకు నెలనెలా డబ్బులిచ్చి కొన్ని చానెళ్లు పెట్టిస్తున్నారని చెప్పారు. ఇంగ్లీషు ముక్క రాని ఇళ్లలో ఇంగ్లీషు వార్తా చానెల్ రోజంతా మోగుతోందని కూడా చెప్పారు. వారం తిరిగేసరికి బార్క్ వార్తా చానెళ్ల రేటింగులు ఆపేసింది. మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది 2022 మార్చిలో. అదీ వారం వారం కాకుండా నాలుగు వారాల సగటుగా. ఆ కేసు సంగతి అట్లా ఉంచి, మీ ఇంట్లో పని ఒకటి చేయండి. సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే మీరేమీ నొక్కకముందే ఏ చానెల్ వస్తుందో చూడండి. ‘ల్యాండింగ్ పేజీ’ అంటారు దాన్ని. ఆ చోటును చానెళ్లు డబ్బులిచ్చి కొనుక్కుంటాయి. మీరు రిమోట్ వెతుక్కునే ఆ అర నిమిషం ఎవరికో ఆదాయం. దాన్ని లెక్కలోంచి వడకట్టే పద్ధతి తమకుందని బార్క్ అంటుంది. అయినా ఆ చోటుకు గిరాకీ తగ్గలేదు.

2019 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు పెట్టినప్పుడు ఇక ప్రేక్షకుడే రాజు అన్నారు. కావలసిన చానెలే ఎంచుకోవచ్చు, దాని ధరే కట్టొచ్చు. అప్పట్లో మొదటి వంద చానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153. వినడానికి బాగానే ఉంది. మా వీధిలో జరిగింది వేరు. కేబులాయన ఒక ప్యాకేజీ చెప్పాడు, అందరూ సరే అన్నారు. వద్దన్న చానెల్‌కు కూడా డబ్బు కడుతూనే ఉన్నాం.

చెనిక్కాయలు వొలిచే వేళ

మే నెలాఖరులో రాప్తాడు వైపు ఒక పల్లెలో మా పెద్దమ్మ ఇంట్లో కనబడే దృశ్యం ఇది. విత్తనానికి చెనిక్కాయలు వొలిచే కాలం. మిషన్‌లో వేస్తే పప్పు పగులుతుందని విత్తనం కాయలు చేత్తోనే వొలుస్తారు. నడింట్లో గోనెసంచి పరిచి, కాయలు కుప్ప పోసి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు. చాటలో పప్పు, పక్కన పొట్టు. ఎదురుగా గూట్లో టీవీ. సీరియల్లో కోడలి చేతిలోంచి హారతి పళ్లెం జారింది. ఆ పళ్లెం నేల తాకేలోపల అత్త మొహం, మామ మొహం, ఆడబిడ్డ మొహం, మళ్లీ అత్త మొహం. ఒక్కొక్కదానికి మూడుసార్లు ఉరుములాంటి చప్పుడు. ఇక్కడ ఒక్క తలా పైకి లేవలేదు. వేళ్లు మాత్రం టపటపా కాయలు చిదుముతున్నాయి.

“చూడకుండానే కథ ఎట్ల తెలుస్తాది పెద్దమ్మా?”

“ఇంగేముందిరా చూసేది! ఆ చప్పుడొస్తే మొగాలు చూపిస్తాండారని అర్థం. మాటలొచ్చినప్పుడు తలకాయెత్తితే సరిపోతాది.”

ఆ ఇంట్లో మీటరు ఉండి ఉంటే నలుగురు ఆడవాళ్లు అరగంటసేపు రెప్ప వాల్చకుండా చూసినట్టు లెక్క. ఆ లెక్క చూసి దర్శకుడు మరుసటి వారం పళ్లెం ఇంకొంచెం మెల్లగా జారనిస్తాడు.

పక్కనున్నామెకు ధర్మవరంలో పుట్టిల్లు, ఇంట్లో మగ్గముంది. ఆమె విమర్శ వేరు. తెరమీద నిద్రపోతున్న కోడలిని చూసి, “నేసేది మనం, కట్టుకొని పండుకునేది ఆయమ్మ” అంది. అందరూ నవ్వారు. పట్టుచీర మీద పదిహేను రోజులు కూర్చునే ఇంటి మనిషికి ఆ చీరతో పక్క మీద దొర్లడం ఎట్లా కనబడుతుందో, నగలన్నీ వేసుకుని పొయ్యి దగ్గర నిలబడటం ఎట్లా కనబడుతుందో హైదరాబాదు స్టూడియోలో ఎవరూ అడిగి ఉండరు. టీవీ విమర్శ పేరుతో పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలా చదివాను. ఆ ఒక్క వాక్యానికి సరితూగేవి తక్కువ.

అట్లాగని వీళ్లకు సీరియళ్లంటే అసహ్యమనుకుంటే పొరపాటు. ‘కార్తీకదీపం’ ఎత్తండి, నలుగురూ ఒక్కసారి మాట్లాడతారు. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన ఆ సీరియల్ చాలాకాలం తెలుగు రేటింగుల్లో మొదటి స్థానం వదల్లేదు. మలయాళం ‘కరుతముత్తు’కు రీమేక్ అది. నల్లగా ఉందని అవమానపడ్డ దీప, భార్యను అనుమానించి వదిలేసిన డాక్టర్ బాబు. “ఆ రక్త పరీక్షేదో చేయిస్తే మొదటి నెల్లోనే తేలిపోయుండె” అని తిడతారు. ఊరూవాడా వేసిన జోకే ఇది. వెంటనే, “అయినా మొగుడు వదిలేస్తే ఎవరి కాళ్లూ పట్టుకోలేదబ్బా, వంట చేసి బిడ్డను సాకింది” అంటారు. ఆ మాట అనే గొంతులో మెచ్చుకోలు దాగదు. మగవాళ్లు పనికి బెంగుళూరు పోయి పండక్కి వచ్చే ఊళ్లివి. చేనూ, పసులూ, పిల్లల ఫీజులూ, బ్యాంకు అప్పూ ఒంటిచేత్తో మోసే ఆడవాళ్లు. వంటలక్క అని పేరుపడ్డ ఆ దీప వాళ్లకు ఊరికే నచ్చలేదు. సాగదీతను భరించింది ఆ మనిషి కోసం. రేటింగు ఈ రెంటినీ వేరు చేయలేదు. కాబట్టి దాన్ని చదివిన చానెల్‌కు దీప ఆత్మగౌరవం కాక, తేలని అనుమానమే అమ్ముడుపోయిందనిపించింది. తర్వాత వచ్చిన సీరియళ్లలో ఏది ఎక్కువ కనబడిందో చూసినవాళ్లకు తెలుసు.

కలకత్తా వంటిల్లు

తెలుగు సీరియల్ కథలో ఇల్లు ఏ ఊళ్లో ఉందో ఎప్పుడైనా గమనించారా? పెద్ద మెట్లు, షాండిలియర్, హాల్లో గుడి, నలుగురు కొడుకులు ఒకే కప్పు కింద. ఆ ఇల్లు తరచూ ఇంకో రాష్ట్రం నుంచి కట్టుకొచ్చినది. ‘ఇంటింటి గృహలక్ష్మి’ బెంగాలీ ‘శ్రీమయీ’. ‘గుప్పెడంత మనసు’ బెంగాలీ ‘మొహొర్’. ‘బ్రహ్మముడి’ బెంగాలీ ‘గాట్‌ఛొరా’. ‘గుండెనిండా గుడిగంటలు’ తమిళ ‘సిరగడిక్క ఆసై’. ‘జానకి కలగనలేదు’ హిందీ ‘దియా ఔర్ బాతీ హమ్’. ఒకచోట రేటింగు వచ్చిన కథను నాలుగు భాషల్లో నాటుతారు. నష్టభయం తక్కువ. మంచి కథ ఎక్కడినుంచి వచ్చినా అభ్యంతరం లేదు, మన కావ్యాలూ అట్లా వచ్చినవే. కానీ నాటేముందు నేల చూడాలి కదా. కలకత్తా ఉమ్మడి కుటుంబం తెలుగు మాట్లాడుతుంది. తెలుగంటే కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగు, అదీ పాలిష్ పెట్టింది.

మా రాయలసీమ తెలుగు టీవీలో వినబడదా? వినబడుతుంది. కామెడీ స్కిట్‌లో వినబడుతుంది, లేదా సుమోలు గాల్లోకి లేచే సినిమాలో. ‘సమరసింహారెడ్డి’ 1999లో వచ్చింది, ‘నరసింహనాయుడు’ 2001లో, ‘ఇంద్ర’ 2002లో. థియేటర్లలో వాటి ఆట ఎప్పుడో అయిపోయింది, టీవీలో అవ్వదు. ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక చానెల్లో ఎవడో ఒకడు కత్తి దూస్తూనే ఉంటాడు. ఇక్కడ ఫ్యాక్షన్ లేదని ఎవరూ అనరు. 1993లో ధర్మవరంలో టీవీ పెట్టెలోనే బాంబు పెట్టి ఒక ఇంట్లో మనుషుల్ని చంపారు. ఆ నెత్తురు చూసిన జిల్లా ఇది. కానీ మూడు పదుల ఏళ్లు గడిచాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, 2022లో జిల్లా రెండయింది, ఫ్యాక్షన్‌ను సినిమాలో తప్ప చూసి ఎరగని పిల్లలు ఇంజనీర్లయ్యారు. హైదరాబాదు హాస్టల్లో వాళ్లు నోరు తెరిస్తే ఇప్పటికీ “మీ ఊళ్లో బాంబులేస్తారంట గదా” అనే అడుగుతారు. అది టీవీ నేర్పిన భూగోళం.

తెలంగాణ యాస కూడా ఒకప్పుడు తెరమీద ఇట్లాగే రౌడీకీ పనిమనిషికీ దక్కేది. ఉద్యమం వచ్చింది, వీ6లో ‘తీన్మార్ వార్తలు’ వచ్చాయి, వార్తలు ఆ యాసలో చదివితే జనం ఎగబడి చూశారు. కరీంనగర్ వైపు లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో వచ్చింది. అందులోని గంగవ్వను 2020లో ‘బిగ్‌బాస్’ వాళ్లే ఇంటికి పిలుచుకున్నారు. మీటరు చెప్పని సంగతి యూట్యూబ్ వ్యూలు చెప్పాయి కాబట్టి టీవీ వెతుక్కుంటూ వెళ్లింది. సీమకు అట్లాంటి ఘడియ టీవీలో ఇంకా రాలేదు. ఓటీటీలో ఒక చిన్న సినిమా దగ్గరికొచ్చింది. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’. ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లె, వానల్లేక వలసపోయే జనం, ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో సినిమా తీయబోయిన డ్రైవరు. అందులో మనుషులు మా సరిహద్దు యాసలోనే మాట్లాడుకుంటారు. ఒక్క సుమో కూడా లేవదు. చూసి మా బంధువుల్లో సగంమంది అడిగిన ప్రశ్న ఒకటే: ఇట్లాంటిది టీవీలో ఏంటికి రాదు?

కథలు లేక కాదు. అనంతపురం రచయిత బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సింగమనేని నారాయణ జీవితమంతా ఈ నేల కథలే రాశారు, ‘సీమ కథలు’ సంకలనం తెచ్చారు. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ రాశారు. ఒక్కొక్కటీ వారాల తరబడి నడిచే కథాబలం ఉన్నవి. పక్క రాష్ట్రంలో శంకర్‌నాగ్ 1980ల్లో ఆర్.కె.నారాయణ కథల్ని ఆగుంబెలో ‘మాల్గుడి డేస్’గా తీశాడు. చిన్న ఊరు, చిన్న మనుషులు, ఒక్కో భాగం ఇరవై చిల్లర నిమిషాలు. దాన్ని ఇప్పటికీ చూస్తున్నారు. తెలుగులోనూ గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా అత్తాకోడళ్లు లేకుండా, ఒక చిన్న హోటలు పెట్టుకుని నడిచింది. అప్పటి ఎడతెగని సీరియళ్ల పేర్లు ఎన్ని గుర్తున్నాయో మీరే లెక్కపెట్టుకోండి. ‘అమృతం’లోని అంజి డైలాగు మాత్రం పదేళ్ల పిల్లాడు కూడా చెబుతాడు.

పీకి చూపించన్నా

వార్తల సంగతి ఒక్క దృశ్యంలో చెబుతాను. అది ఆగస్టు, వానకు ముఖం వాచిన చెనిక్కాయ చేను. కెమెరా పట్టుకున్న కుర్రాడు రైతుతో, “ఒక చెట్టు పీకి చూపించన్నా” అన్నాడు. రైతు పీకాడు. ఊడలు దిగని చెట్టు, వేళ్లకు రెండు తాలు కాయలు. “ఇంకోసారి పీకన్నా, ఫోకస్ రాలేదు.” రైతు ఇంకో చెట్టు పీకాడు. మూడోదానికి ఆయన, “అవి రెండన్నా నిలుస్తాయనుకుంటి కదప్పా, వాటినీ పీకిస్తివి” అన్నాడు. సాయంత్రం బులెటిన్‌లో ఆ చేను పదిహేను సెకన్లు కనబడింది, ఏడుపు సంగీతంతో. పంటల బీమా లెక్క ఎట్లా కట్టారు, ఇన్‌పుట్ సబ్సిడీ ఎందుకు రాలేదు, చెనిక్కాయ తప్ప ఇంకేం వేయొచ్చు అన్న ముక్క ఒక్కటీ లేదు. తర్వాత గంటన్నర ఇద్దరు నాయకుల తిట్లు. పెద్దమ్మకు ఆ తిట్లన్నీ కంఠతా వచ్చు. బీమా గడువు తేదీ మాత్రం పక్కింటి చదువుకున్న పిల్లను అడుగుతుంది.

టీవీ మన రాష్ట్రంలోకి పల్లె కోసమే వచ్చిందంటే నేటి పిల్లలు నమ్మరు. 1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలైంది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ఆసరాతో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో ఇంచుమించు 2,400 ఊళ్లకు ఏడాదిపాటు కార్యక్రమాలు పంపారు. పది అడుగుల జాలీ యాంటెన్నా, ఊరందరికీ ఒక టీవీ. పొద్దున పిల్లల పాఠాలు, సాయంత్రం సేద్యం, ఆరోగ్యం, కొంచెం ఆటాపాటా. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. మన దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలుకావడానికి ముందుమాట ఆ ఏడాదే. అందులో నన్ను ఆకట్టుకునేది ఉపగ్రహం కాదు. ఇస్రో సామాజిక శాస్త్రవేత్తలు ఆ ఊళ్లలో కొన్నింట కాపురముండి, ఏది అర్థమైంది, ఏది అర్థం కాలేదు, ఎక్కడ లేచిపోయారు అని జనాన్నే అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత దూరదర్శన్‌లో ప్రేక్షకుల ఉత్తరాలు చదివి జవాబులిచ్చే కార్యక్రమం ఉండేది. పోస్టుకార్డు ముక్క మీద తిట్టినా చదివేవాళ్లు. తిట్టును కెమెరా ముందు చదివి, నవ్వి, సంజాయిషీ చెప్పుకునే మర్యాద ఉండేది.

దూరదర్శన్ నాటి కార్యక్రమాలన్నీ రత్నాలని చెప్పబోవడం లేదు. నీరసమైనవి కుప్పలు. అంతరాయానికి చింతిస్తున్నాం అన్న బోర్డు కూడా అప్పుడప్పుడు కార్యక్రమం కంటే నయమనిపించేది. పోటీ వచ్చాకే, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాకే తెలుగు టీవీకి రంగూ వేగమూ వచ్చాయి. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ లాంటిది ఆ పోటీ ఇచ్చిన మేలే. పొద్దున్నే వచ్చే ‘అన్నదాత’ను ఇప్పటికీ మా ఊళ్లో మగవాళ్లు కాఫీ గ్లాసుతో చూస్తారు. నా తగువు చానెళ్లతో కాదు, అంకెను అభిప్రాయమనుకునే అలవాటుతో.

అడిగితే చెబుతారు

‘జనం చూస్తున్నారు, మేం ఇస్తున్నాం’ అనేది చానెళ్ల పాత జవాబు. జనం చూస్తున్నారన్నది నిజమే. ఎనిమిదింటికి ఆ పల్లెలో ఇంకేం ఉంది? సినిమా టాకీసు మూతపడి కళ్యాణమండపమైంది. భజన బృందంలో ముసలివాళ్లు మిగిలారు. బస్సు ఏడింటికే ఆఖరు. మిగిలింది టీవీ ఒక్కటే. ఒక్క బోరే ఉన్న ఊళ్లో అందరూ ఆ నీళ్లే తాగుతారు, అది ఫ్లోరైడు నీళ్లయినా. జనం తాగుతున్నారు కాబట్టి నీళ్లు బాగున్నాయని ఏ ఇంజనీరూ రాయడు.

నచ్చిందా అని అడిగే పద్ధతి లోకంలో లేక కాదు. బీబీసీ 1936లో రాబర్ట్ సిల్వీ అనే ఆయన్ని పెట్టుకుని శ్రోతల పరిశోధన మొదలుపెట్టింది. ఎంతమంది విన్నారన్న లెక్కతోపాటు ఎంత నచ్చిందో మార్కులు వేయించడం అక్కడ అలవాటైంది. ఇప్పటికీ నూటికి ఇన్ని మార్కులని ‘అప్రిసియేషన్ ఇండెక్స్’ తీస్తారు. కొద్దిమందే చూసినా చూసినవాళ్లు గుండెకు హత్తుకున్న కార్యక్రమం ఆ లెక్కలో బతుకుతుంది. మన దగ్గర అట్లాంటిది చచ్చిపోతుంది, పోయినట్టు కూడా తెలియదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది, తెలుగులో మాట్లాడితే రాసుకునే యాప్‌లున్నాయి. బార్క్ మీటరు పెట్టిన ఇళ్లనే వారానికి ఒక్క ప్రశ్న అడగడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అడిగితే వచ్చే జవాబు ప్రకటనలవాళ్లకు అక్కర్లేదేమో, అది వేరే మాట.

అంతదాకా చూసేవాడి చేతిలో ఉన్నవి రెండే. ఒకటి రిమోట్. ఎవరో అనంతపురం మనిషి చానెల్ మార్చాడని ఎవరికీ తెలియదు గానీ, మార్చడం మంచిదే. రెండోది చాలామందికి తెలియనిది. కేబుల్ టీవీ నిబంధనలకు 2021లో సవరణ జరిగింది. ప్రతి చానెలూ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆయన పేరూ చిరునామా అందరికీ కనబడేట్టు ఉంచాలి. ఏవి చూపకూడదో చెప్పే ప్రోగ్రాం కోడ్‌ను ఒక కార్యక్రమం మీరిందని మీరు రాస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చి జవాబివ్వాలి. నచ్చకపోతే పైన స్వీయ నియంత్రణ సంఘముంది, ఆ పైన ప్రభుత్వ కమిటీ. కథ సాగుతోందనీ చీర బాగాలేదనీ రాస్తే అది కోడ్ కిందికి రాదు, నిజమే. కానీ ఒక ప్రాంతాన్నో, యాసనో, ఆడదాన్నో, ఒంటి రంగునో ఎగతాళి చేస్తే తప్పకుండా రాయొచ్చు. ఏ కార్యక్రమం, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ మాట అన్నారు, ఈ నాలుగూ ఉండాలి. తెలుగులోనే రాయండి. మీ యాసలో రాయండి, అర్థం కాకపోతే వాళ్లే మనిషిని పెట్టుకుంటారు. పదిహేను రోజులు చూసి జవాబు రాకపోతే ఆ సంగతే రాసి పై సంఘానికి పంపండి. పంపినదాని నకలు ఒకటి దగ్గరుంచుకోండి.